రిమ్ము మీద 1000, అద్దంలో 1600: మూడు ఎన్‌డీ ఫిల్టర్ల సెట్టుతో నా ఏడాది

నేను హనుమకొండ దగ్గర ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌ని. గంటగంటకీ మీటర్లు చూసి లాగ్‌షీట్‌లో అంకెలు రాయడం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి మీటరంటే నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. కెమెరా చేతికి రాగానే ఆ అనుమానం ఎటు పోయిందో మాత్రం తెలియదు. పోయినందుకు మూడు ఫిల్ము రోళ్లు ఖర్చయ్యాయి. రోలు దాదాపు వెయ్యి రూపాయలు ఉన్న రోజుల్లో మూడు రోళ్లంటే చిన్న మాట కాదు.

కెమెరా మా చిన్నాయనది. పెంటాక్స్ కే1000. నర్సంపేటలో పెళ్లిళ్లకు, సమ్మక్క జాతరకు దాన్నే మెడలో వేసుకుని తిరిగేవాడు. చేయి వణకడం మొదలయ్యాక నాకిచ్చాడు. 50 ఎంఎం ఎఫ్/2 లెన్సు, ముందు మర 49 ఎంఎం. షట్టరుకు బ్యాటరీతో పని లేదు, మీటరు ముల్లుకు మాత్రమే చిన్న బటన్ సెల్లు కావాలి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, రెండు మూడు నిమిషాలు షట్టరు తెరిచిపెట్టే పనికి ఇలాంటి పాత మెకానికల్ కెమెరానే సుఖం. డయల్‌ను బల్బ్‌లో (మీట నొక్కి ఉంచినంతసేపూ షట్టరు తెరిచే ఉండే చోటు) పెట్టి ఎంతసేపు ఉంచినా షట్టరు కోసం సెల్లు అరగదు.

నీళ్లు పాలలాగా, పొగలాగా కనిపించే ఫోటోలు తీయాలని ఎప్పటి నుంచో కోరిక. ఎండలో ఐఎస్ఓ 125 ఫిల్ముతో ఎఫ్/16 దగ్గర (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రంధ్రం, అంటే అపర్చర్, చిన్నదవుతుంది) షట్టరు 1/125 వస్తుంది. ఎఫ్/22 దాకా మూసినా 1/60 కంటే కిందికి దిగదు. 1/60లో నీళ్లు పాలు కావు. లోపలికొచ్చే వెలుతురును తగ్గించే నల్ల అద్దం లెన్సు ముందు పెట్టాలి, అదే ఎన్‌డీ ఫిల్టర్. ఆన్‌లైన్‌లో మూడింటి సెట్టు ఒకటి 2,900 రూపాయలకు దొరికింది: ఎన్‌డీ8, ఎన్‌డీ64, ఎన్‌డీ1000. బ్రాండు పేరు రాయడం లేదు. ఇదే డబ్బా, ఇదే అద్దం, ఇదే లెదర్ పర్సు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, నాకొచ్చిన ఒక్క సెట్టును బట్టి ఒకరి మీద రాయడం న్యాయం కాదు.

ముందుగా పేర్ల గొడవ, ఎందుకంటే కొనేటప్పుడే సగం మంది ఇక్కడ బోల్తా పడతారు. ఎన్‌డీ8 అంటే వెలుతురు ఎనిమిదో వంతు అవుతుంది; వెలుతురు సగమైతే ఒక స్టాప్ అంటాం, అంటే ఇది మూడు స్టాప్‌లు. 64 అంటే ఆరు స్టాప్‌లు. 1000 అంటే పది, లెక్క ప్రకారం 1024. ఇవే కొన్ని కంపెనీల రిమ్ముల మీద 0.9, 1.8, 3.0 అని ఉంటాయి, ఒక్కో స్టాప్‌కు 0.3 చొప్పున. ఒక అమ్మకందారు పేజీలో "ఎన్‌డీ 3" అని చూసి మూడు స్టాప్‌లనుకుని కొనబోయి ఆగాను. అది 3.0, పది స్టాప్‌లది. చుక్క ఎక్కడుందో చూసి కొనండి.

మా డిపార్ట్‌మెంట్ వాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. పెద్ద లోడు ఉన్న చోట కరెంటు మొత్తం మీటరు గుండా పోదు, మధ్యలో సీటీ (కరెంటును తెలిసిన నిష్పత్తిలో తగ్గించి మీటరుకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటుంది. 100/5 సీటీ అయితే మీటరు చూపించిన యూనిట్లను 20తో గుణించాలి. దాన్నే ఎం.ఎఫ్ అంటాం, మల్టిప్లైయింగ్ ఫ్యాక్టర్. ఎం.ఎఫ్ తప్పు పడితే మీటరు ఎంత మంచిదైనా బిల్లు మొత్తం తప్పే. ఎన్‌డీ ఫిల్టర్ మీద రాసిన అంకె కూడా ఎం.ఎఫే. ఫిల్టర్ లేకుండా మీటరు చూడు, వచ్చిన షట్టరు వేగాన్ని ఆ అంకెతో గుణించు. ఇంతే కదా అనుకున్నాను.

మొదటిసారి అది కూడా చేయలేదు. పోయిన ఆగస్టులో బొగత జలపాతానికి పోయాం, నేనూ మా బామ్మర్దీ. ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట దగ్గర గోదావరి వంతెన ఎక్కి, వాజేడు వైపు. వారం మధ్యలో పోయాం కాబట్టి జనం పలచగా ఉన్నారు. చీకుపల్లి వాగు నిండుగా దూకుతోంది, తుంపర మొహాన కొడుతోంది. ట్రైపాడ్ పెట్టి, ఎన్‌డీ1000 బిగించి, వ్యూఫైండర్‌లో కన్నుపెడితే ఏమీ కనిపించలేదు, అమావాస్య. మీటరు ముల్లు మాత్రం మధ్యలో నిలబడింది. షట్టరు డయల్ ఒక సెకను దగ్గర ఉంది. అబ్బ, ముల్లు మధ్యలో ఉందంటే సరిపోయినట్టే అనుకుని ఒక సెకను, రెండు సెకన్లు అటూ ఇటూ మార్చి తొమ్మిది ఫ్రేములు తీశాను.

"ఏంది బావా, గింత దూరమొచ్చి గంత నల్లద్దం పెడితివి, సూర్యగ్రహణం చూస్తున్నవా?" అన్నాడు బామ్మర్ది.

ఇంటికొచ్చి కడిగితే తొమ్మిది ఫ్రేములూ కిటికీ అద్దంలాగా ఖాళీ. అదే రోల్లో ఫిల్టర్ లేకుండా తీసిన మిగతావన్నీ బాగానే వచ్చాయి. కాబట్టి డెవలపర్ తప్పు కాదు.

ఆ మాట అంత ధైర్యంగా అనడానికి నేను చాలా కష్టపడ్డాను. నేను వాడే ఇల్ఫోర్డ్ ఫిల్ము ఎఫ్‌పీ4 ప్లస్‌ను డి-76 డెవలపర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు కడగాలి. మన దగ్గర ట్యాంకు నీళ్లు వానాకాలంలో కూడా 20కి రావు. కుండలో నీళ్లు రాత్రంతా ఉంచి, పొద్దున ఫ్రిజ్‌లోని ఐసు ముక్క వేసి, జ్వరం చూసే థర్మామీటర్ కాదు, ల్యాబుది ఒకటి కొనుక్కుని దాంతో చూసుకుంటాను. మా ఆవిడ దృష్టిలో ఆ కుండ ఇక తాగే నీళ్లకు పనికిరాదు, కొత్తది కొన్నాం. ఇదంతా ఎందుకంటే, నీళ్లు వెచ్చగా ఉంటే నెగెటివ్ చిక్కబడుతుంది, తక్కువ ఎక్స్‌పోజర్ తప్పు అందులో దాక్కుంటుంది. ఫిల్టర్‌ను పరీక్షించాలంటే ముందు కడుగుడు నిలకడగా ఉండాలి. ప్రతి రోల్లో రెండు మూడు ఫ్రేములు ఫిల్టర్ లేకుండా తీసి ఉంచుకోండి, అవే సాక్షులు.

ముల్లు మధ్యలో ఎందుకు నిలబడింది? తర్వాత కూర్చుని ఆలోచిస్తే రెండు కారణాలు దొరికాయి. కే1000 మీటరు ఈవీ 3 (ఈవీ అంటే వెలుతురు కొలత) కంటే తక్కువ వెలుతురులో నమ్మదగింది కాదు. ఆ మబ్బు పగటి వెలుతురుకు పది స్టాప్‌ల అద్దం అడ్డం పెడితే ఈవీ 3 కంటే కిందికి పోతుంది, మీటరుకు చదవడానికి ఏమీ మిగలదు. రెండోది, నేను కన్ను పక్కకు తీసి బామ్మర్దితో మాట్లాడుతూ ముల్లు చూశాను. నా వెనక తెల్లటి ఆకాశం. వ్యూఫైండర్ వెనక నుంచి వెలుతురు లోపలికి పోయి మీటరు దాన్ని చదివింది. అంటే ముల్లు చూపించింది జలపాతాన్ని కాదు, నా వీపు వెనక మబ్బుల్ని. ఫోటో తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం పైకి లేచి ఆ దారి మూసుకుంటుంది కాబట్టి ఫిల్ముకు నష్టం లేదు, మోసం మీటరుకు మాత్రమే.

ఎన్‌డీ8తో ఈ బాధ లేదు. అది పెట్టుకునే పగటి వెలుతురులో మీటరు చూసినా సరిగ్గానే చెబుతుంది, లెక్క అక్కర్లేదు, వ్యూఫైండర్‌లో బొమ్మ కూడా కనిపిస్తుంది. ఎన్‌డీ64 ఎండలో పరవాలేదు, సాయంత్రం అనుమానమే. ఎన్‌డీ1000తో మాత్రం కెమెరా మీటరును అడగనే కూడదు. ముందు ఫిల్టర్ తీసేసి చూడాలి, ఫ్రేము సర్దుకోవాలి, ఫోకస్ చేయాలి, అప్పుడు బిగించాలి. బిగించేటప్పుడు ఫోకస్ రింగు కూడా తిరిగిపోతుంది, ఈ ముచ్చట ఎవరూ చెప్పరు. నేను మా సబ్‌స్టేషన్‌లో వాడే నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క రింగు మీద అంటిస్తాను. జిగురు అంటుకోకుండా వస్తుంది.

రెండోసారి సెప్టెంబర్‌లో మళ్లీ బొగతే. ఈసారి ఫిల్టర్ తీసి మీటరు చూశాను: ఎఫ్/16, 1/30. షట్టరు డయల్ మీద వేలు పెట్టి పది మెట్లు దిగాను. 1/15, 1/8, 1/4, అర, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు. ముప్పై రెండు సెకన్లు. కేబుల్ రిలీజ్ మర బిగించి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, తుంపర పడకుండా బామ్మర్దితో గొడుగు పట్టించి తీశాను.

ఇల్ఫోర్డ్ వాళ్ల ఫిల్ము కాగితం కూడా చదువుకునే పోయాను, అది ఇంకా బాధ. అందులో స్పష్టంగా ఉంది: అర సెకను దాకా సవరణ అవసరం లేదు, దాటితే కావాలి. నా మీటరు 1/30 చూపించింది కదా, అర సెకను కంటే చాలా తక్కువ, సవరణ అక్కర్లేదు అనుకున్నాను. ఎంత తెలివి! సవరణ చూడాల్సింది మీటరు చూపిన 1/30కి కాదు, ఫిల్టర్ గుణించాక వచ్చిన 32 సెకన్లకు. ఫిల్ముకు వెలుతురు ఎంతసేపు, ఎంత సన్నగా అందుతుందో అదే లెక్క. వరస తిరగబడితే సవరణ మొత్తం మాయమవుతుంది. నెగెటివ్‌లు ఈసారి ఖాళీగా లేవు గానీ, నీళ్లు కనిపిస్తున్నాయి, రాళ్లు లేవు. జలపాతం గాల్లోంచి దూకుతున్నట్టుంది.

ఈ సవరణ ఎందుకో కాస్త చెబుతాను, ఇది తెలిస్తే మిగతా లెక్క గుర్తుంటుంది. ఫిల్ము మీది వెండి రేణువు ఒక్క కాంతి కణం తగలగానే లొంగదు. కొద్ది వ్యవధిలో కొన్ని వరసగా తగలాలి. వెలుతురు దండిగా ఉంటే అలాగే తగులుతాయి. సన్నగా, ఆగి ఆగి వస్తుంటే మొదటి కణం చేసిన పని రెండోది వచ్చేలోపు చెదిరిపోతుంది. చిల్లు కుండలో బిందెతో గుమ్మరిస్తే నిండుతుంది, ధార కట్టి పోస్తే ఎంతసేపు పోసినా నిండదు, అలా అన్నమాట. దీన్ని రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. డిజిటల్ కెమెరాలకు ఈ జబ్బు లేదు, అందుకే ఇంటర్నెట్లో ఎన్‌డీ ఫిల్టర్ల మీద ఉన్న వీడియోల్లో ఎక్కువ వాటిలో ఈ మాటే ఉండదు.

ఇల్ఫోర్డ్ సూత్రం ఇది: లెక్కలో వచ్చిన సెకన్లకు ఒక ఘాతం వేయాలి. ఎఫ్‌పీ4 ప్లస్‌కు ఆ ఘాతం 1.26, హెచ్‌పీ5 ప్లస్‌కు 1.31. ఫోన్లో క్యాల్క్యులేటర్ తెరిచి, ఫోను అడ్డం తిప్పితే ఘాతం మీట కనిపిస్తుంది. 32 సెకన్లకు 1.26 వేస్తే 79 వస్తుంది. అంటే ముప్పై రెండు సెకన్లని నేను మూసేసిన చోట ఇంకా ముప్పావు నిమిషానికి పైగా తెరిచి ఉంచాల్సింది. అన్ని ఫిల్ములకూ ఒకే లెక్క కాదు. పాత ఫ్యూజీ ఆక్రోస్ రెండు నిమిషాల దాకా సవరణే అడిగేది కాదు. కోడక్ ట్రై-ఎక్స్‌కు పది సెకన్ల లెక్క వస్తే యాభై సెకన్లు ఇవ్వమని కోడక్ పట్టికలో ఉంటుంది. మీరు వాడే ఫిల్ము కాగితం మీరు చూసుకోవాలి.

మూడోసారి అక్టోబర్‌లో మళ్లీ బొగత, బామ్మర్ది రానన్నాడు, ఒక్కడినే పోయాను. అదే మబ్బు, అదే 1/30. 79 సెకన్లు. ఈసారి బొమ్మ వచ్చింది. రాళ్లు కనిపించాయి. కానీ ఇంకా పలచగానే ఉంది. పక్కన ఫిల్టర్ లేని సాక్షి ఫ్రేము పెట్టి చూస్తే ముప్పావు స్టాప్ దాకా తక్కువ. కడుగుడు సరిగ్గా ఉంది, మీటరు సరిగ్గా ఉంది, ఫిల్ము లెక్క సరిగ్గా ఉంది. మిగిలింది ఎవరు? ఎం.ఎఫ్.

ఇక్కడ నా ఉద్యోగం పనికొచ్చింది. బిల్లులో తేడా వస్తే మేం ముందు సీటీని అనుమానిస్తాం, తెలిసిన లోడు పెట్టి పరీక్షిస్తాం. మా అక్క కొడుకు డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ తీసుకున్నాను, దానికి రెసిప్రాసిటీ జబ్బు లేదు కాబట్టి. గోడకు తెల్ల కాగితం అంటించి ఎల్ఈడీ బల్బు వెలిగించాను. మామూలు పాత బల్బు వద్దు. అందులో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువ, ఈ చౌక అద్దాలు దాన్ని ఆపలేవు, డిజిటల్ సెన్సరు దాన్ని కొంత చూస్తుంది, అద్దం అసలు ఉన్నదానికంటే పలచనదని తప్పు లెక్క వస్తుంది. రాత్రి పదకొండు దాటాక చేశాను. ఆ టైముకు ఫీడర్ల మీద లోడు పడిపోయి వోల్టేజీ నిలకడగా ఉంటుంది, నా లాగ్‌షీట్లే సాక్ష్యం. ఇంకో మెలిక: మన కరెంటు 50 హెర్ట్జ్, చౌక బల్బు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. షట్టరు 1/50 పెడితే సరిగ్గా రెండు మిణుకులు పడతాయి, ఫ్రేముకూ ఫ్రేముకూ తేడా రాదు. 1/125 లాంటివి పెడితే ఏ మిణుకు ఎక్కడ పడుతుందో తెలియదు.

ఫిల్టర్ లేకుండా 1/50, ఎఫ్/8. హిస్టోగ్రాంలో (ఫోటో ఎంత వెలుగ్గా ఉందో కెమెరా తెర మీద చూపే గ్రాఫు) గుట్ట ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. ఎన్‌డీ8 పెట్టి 1/6 సెకను ఇస్తే గుట్ట అక్కడే నిలబడింది. శభాష్. ఎన్‌డీ64 పెట్టి 1.3 సెకన్లు ఇస్తే అక్కడే. శభాష్. ఎన్‌డీ1000 పెట్టి, రాసినదాని ప్రకారం 20 సెకన్లు ఇచ్చాను, గుట్ట ఎడమకు జారింది. 25 ఇచ్చాను, ఇంకా ఎడమకే. 30 ఇచ్చాను, దాదాపు అక్కడికొచ్చింది గానీ వెంట్రుకవాసి తక్కువ. అంటే 32, 33 సెకన్లు కావాలి. గుణకం 1024 కాదు, దాదాపు 1600. స్టాపుల్లో చెప్పాలంటే పది కాదు, పదిన్నర దాటింది, పదీ రెండు బై మూడు.

మూడింట రెండొంతుల స్టాప్ పెద్ద విషయమా అని అడగొచ్చు.  ఇక్కడ దీని మీద ఘాతం కూర్చుంటుంది. 1/30 నుంచి పది మెట్లు దిగితే వచ్చిన 32 సెకన్లకు ఈ రెండు బై మూడు స్టాప్ కూడా కలిపితే 51. ఆ 51కి 1.26 ఘాతం వేస్తే 79 కాదు, 142. రెండు నిమిషాల ఇరవై రెండు సెకన్లు. మొదటిసారి నేనిచ్చింది ఒకటో రెండో సెకన్లు! రిమ్ము మీద అంకె తప్పు చిన్నదే, ఫిల్ము దాన్ని వడ్డీతో వసూలు చేస్తుంది.

డబ్బా మూత లోపల తెల్ల స్టిక్కరు అంటించి "ఎం.ఎఫ్ 1600" అని మార్కరుతో రాశాను. ఆ తర్వాత లెక్క తప్పలేదు.

నిజానికి ఈ తేడా ఈ ధరలో దొరికే నల్లద్దాలకు వింతేమీ కాదు. మూడు స్టాప్‌ల అద్దంలో కొంచెం అటూ ఇటూ ఉన్నా కనిపించదు, పది స్టాప్‌ల అద్దం అంటే వెయ్యిలో ఒక్క వంతు మాత్రమే వదలాలి, ఆ ఒక్క వంతులో కాస్త తగ్గినా పెద్ద తేడా. అమ్మినవాళ్లకు రాశాను, వాళ్లు "సర్ ప్రొడక్ట్ ఒరిజినల్" అని జవాబిచ్చారు. ఒరిజినల్ కాదని నేను అనలేదు. వదిలేశాను.

ఇక వాడకం సంగతులు. నవంబర్‌లో పాకాల పోయాను. గణపతిదేవుని కాలం నాటి చెరువు, చుట్టూ అడవి, పొద్దున పొగమంచు. ఇక్కడ ఇంకో పాఠం. మంచులో మీటరు ఎఫ్/16కి 1/8 చూపించింది. అలవాటుగా ఎన్‌డీ1000 బిగించాను. 1600ను 8తో భాగిస్తే 200 సెకన్లు, దానికి ఘాతం వేస్తే పదమూడు నిమిషాలు దాటింది. మొండిగా తెరిచి కూర్చున్నాను. కట్ట మీద చేపలు పట్టే ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు, ఫ్లాస్కులో టీ ఇద్దరం తాగాం, కెమెరాను చూసి "పాడైందా సార్?" అని అడిగాడు. ఈలోపు ఎండ వచ్చేసింది, మొదలుపెట్టినప్పటి మీటరు రీడింగుకు అర్థం లేకుండా పోయింది. ఫ్రేము కాలిపోయింది. వెలుతురు మసకగా ఉన్నప్పుడు ఎన్‌డీ64 తీయాలి. అదే 1/8కి ఎనిమిది సెకన్లు, ఘాతం వేస్తే దాదాపు 14. చెరువు నీళ్లు అద్దంలాగా పరుచుకోవడానికి 14 సెకన్లు చాలు. లేదంటే అపర్చర్ ఎఫ్/8 దాకా తెరవాలి. నేను ఇప్పుడు ఘాతం వేయకముందే సెకన్ల లెక్క ఒక నిమిషం దాటబోతుంటే ఫిల్టరే మారుస్తాను. ఈ సెట్టులో నిజంగా పని చేసేది ఎన్‌డీ64, ఎన్‌డీ1000 మోజు తీరాక తెలుస్తుంది.

మబ్బులు కదిలే రోజుల్లో తీసే ముందు ఒకసారి, తీశాక ఒకసారి మీటరు చూస్తాను. రెండింటికీ సగం స్టాప్‌కు మించి తేడా ఉంటే వెంటనే ఇంకోటి తీస్తాను.

రామప్పలో కూడా వాడదామని ఆశ. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారం జనం ఎక్కువ, రెండు నిమిషాలు షట్టరు తెరిచి ఉంచితే నడిచేవాళ్లంతా మాయమవుతారు, 1213 నాటి గుడి ఒక్కటే మిగులుతుంది. కానీ ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు శాఖ) ఆవరణలో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. ఇంకా తీసుకోలేదు. అప్పటిదాకా పక్కన చెరువు కట్ట మీదే. కూర్చుని సెల్ఫీలు తీసుకునేవాళ్లు మాయమవరు, వాళ్లను లేవమనాలి.

తయారీ విషయంలో మెచ్చుకోవాల్సింది అద్దం. గాజు, ప్లాస్టిక్ కాదు. బొమ్మ పదును పోలేదు, చిన్నాయన లెన్సు ఎలా తీసేదో అలాగే తీస్తోంది. తుంపర పడినా గుడ్డతో ఒక్క తుడుపుకు పోతుంది. రంగు ఫోటోల్లో ఎన్‌డీ1000 గోధుమరంగు ఛాయ వేస్తుంది, మా అక్క కొడుకు డిజిటల్ కెమెరాలో చూశాను. నలుపు తెలుపు ఫిల్ముకు ఆ బాధ లేదు. రంగు రీలు వేసేవాళ్లు ఈ సెట్టు కొనకండి.

తిట్టాల్సింది రిమ్ము. అల్యూమినియం. బొగతలో తడికి, బిగువుకి లెన్సుకు పట్టేసి రాలేదు. వేళ్లతో నొక్కేకొద్దీ రింగు నలిగి ఇంకా బిగుసుకుంటుంది. సైకిల్ ట్యూబు ముక్క చుట్టూ వేసి మెల్లగా తిప్పితే వచ్చింది. ఇప్పుడు ఆ ట్యూబు ముక్క బ్యాగులో శాశ్వత సభ్యుడు. ఇత్తడి రిమ్మువి ఇంత పట్టవు, ధర ఎక్కువ. ఇంకో తప్పు నాది: 49 ఎంఎం సైజే కొన్నాను. 28 ఎంఎం లెన్సు మీద రెండు ఫిల్టర్లు ఒకదాని మీద ఒకటి పెడితే నాలుగు మూలలా నల్లగా వస్తుంది. 67 ఎంఎం కొనుక్కుని, స్టెప్-అప్ రింగు (పెద్ద ఫిల్టర్‌ను చిన్న లెన్సుకు బిగించే రింగు) వేసుకుంటే ఈ బాధ ఉండేది కాదు, వేరే లెన్సులకూ పనికొచ్చేవి. తిప్పితే నల్లబడే వేరియబుల్ ఎన్‌డీ ఒకటి దుకాణంలో చూశాను, బాగా నల్లగా తిప్పితే బొమ్మ మీద ఎక్స్ ఆకారపు మచ్చ పడుతుంది. గుణకం ఎంతో కూడా తిప్పిన చోటు మీద ఆధారపడి ఉంటుంది. లెక్కతో తీసే నాలాంటివాడికి అది పనికిరాదు.

రేటింగ్ అడిగితే ఎన్‌డీ8కి, ఎన్‌డీ64కి అయిదుకి నాలుగున్నర చొప్పున. ఎన్‌డీ1000కి మూడు, స్టిక్కరు అంటించాక నాలుగు. 2,900 పెట్టినందుకు బాధ లేదు, మూడు రోళ్లు పోయినందుకు ఉంది. మీరు కొంటే ముందు ఒక రాత్రి ఇంట్లో తెల్ల కాగితం, ఎల్ఈడీ బల్బు పరీక్ష చేసి, మీ సెట్టు ఎం.ఎఫ్ ఎంతో రాసి పెట్టుకోండి. నా 1600 మీకు పనికిరాదు, నాకు వచ్చిన అద్దం నాది.

మొన్న జూలైలో బామ్మర్ది మళ్లీ వచ్చాడు, ఈసారి తానే గొడుగు తెచ్చాడు. ఎన్‌డీ1000, ఎఫ్/16, 142 సెకన్లు. ప్రింటు వాళ్లింట్లో హాల్లో వేలాడుతోంది. "ఈ నీళ్లకు మొత్తం నా గొడుగే" అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు.